గిలకలదిండిలో గాజులమ్మిన ఆఫీసరు

బందరు గిలకలదిండి హార్బరులో రోల్డుగోల్డు గాజులు అమ్ముకుంటూ కనిపించే జెస్సీ నిజానికి రాష్ట్ర ఇంటెలిజెన్స్ శాఖలో సబ్‌ఇన్‌స్పెక్టరు. ఆ సంగతి తనకూ, తన పై అధికారికీ, కన్నతల్లికీ తప్ప మరెవరికీ తెలియదని ఆమె మూడేళ్ళపాటు గట్టిగా నమ్మింది. చిలకలపూడి వెళ్ళి సరుకు తెచ్చుకునేది. సంచీ భుజాన వేసుకుని, చున్నీ తలకు చుట్టుకుని, చేపల వేలంపాట జరిగే చోటు నుంచి వలలు బాగుచేసుకునే షెడ్ల దాకా ఎండలో తిరిగేది. ఏ బోటు ఎప్పుడు బయల్దేరింది, ఎవరి బోటులో కొత్త మొహం కనిపించింది, ఎవరి చేతిలో ఉన్నట్టుండి ఖరీదైన ఫోను మెరిసింది, ఇవన్నీ ఆడవాళ్ళ చేతులకు గాజుల సైజు చూస్తూనే కనిపెట్టేది.

ఇంటెలిజెన్స్ అనగానే మనకు సినిమాలు గుర్తొస్తాయి. నల్లకళ్ళద్దాలు, తుపాకులు, మేడల మీద నుంచి దూకడాలు. జెస్సీ తన ఉద్యోగంలో దూకినవల్లా ఐసు కరిగిన నీళ్ళు నిలిచిన మురికి గుంటలే. ఇంటికెళ్ళాక ఎంత రుద్దినా ఒంటిమీది చేపల వాసన వదిలేది కాదు. ఇంతా చేసి కలెక్టరు మీటింగుల్లో ఆమెకు కుర్చీ ఉండేది కాదు, పతకాలిచ్చే పూట ఆమె పేరు పిలిచేవారు కాదు. రహస్యోద్యోగి కదా, పిలవకూడదు. ఈ రహస్యం అనే మాట అడ్డం పెట్టుకుని ఆ శాఖలో పెద్దలు ఎన్నిటిని మింగేశారో చెప్పుకుంటూ పోతే మనకు తెల్లారిపోతుంది.

ఆమెది దివిసీమ. కోడూరు పక్కన చిన్న ఊరు. తండ్రి రాజారత్నం ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పేవాడు. తల్లి ప్రేమమ్మ పాటలు ఎత్తుకునేది. ఊళ్ళో ఎవరింట పాము కనిపించినా, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా ప్రేమమ్మ ముందుండి ప్రార్థన చేయించేది. జెస్సీకి మాత్రం చిన్నప్పటి నుంచీ పాటలకంటే ప్రశ్నలు ఎక్కువ. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అని కూపీలాగేది. "దీన్ని పోలీసుల్లో వేస్తే సరి," అని మాస్టారు నవ్వేవాడు. నవ్వులాటకన్న మాటే నిజమైంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు ఆయన పోయాడు. ప్రేమమ్మ గుడివాడలో చెల్లెలి ఇంటి పక్క వాటాలోకి మారింది. జెస్సీ పెళ్ళి చేసుకోలేదు. ఆ విషయం మీద కూడా తల్లి ప్రార్థన చేయిస్తూనే ఉంది.

ఇంతకూ కథ మొదలైంది దివిసీమ చివర, సముద్రం ఒడ్డున. అక్కడ రక్షణ శాఖ వాళ్ళకు ఒక స్థలం ఉంది. అప్పుడప్పుడు వాళ్ళేవో పరీక్షలు చేసుకుంటారు. ఆ రోజు సముద్రంలోకి బోట్లు వెళ్ళకూడదు. ఫలానా రోజని జాలర్లకు ముందురోజు మైకులో చెబుతారు. అంతకుముందు ఆ తేదీ చాలా కొద్దిమందికే తెలియాలి. ఆ కొద్దిమందిలో జెస్సీ ఒకతి. పరీక్ష ఉన్నప్పుడల్లా ఆమెను నాగాయలంక వైపు తీరం మీద నిఘాకు పంపేవారు. ఆ దివిసీమనే అక్కడివాళ్ళు దీవి అంటారు.

ఒకసారి మైకులో చెప్పకముందే ఆ తేదీ ఎక్కడో పరదేశం నుంచి నడిచే ఒక సోషల్ మీడియా ఖాతాలో ప్రత్యక్షమైంది. పొరపాటున తగిలి ఉంటుందిలే అనుకున్నారు. రెండోసారి కూడా అలాగే జరిగేసరికి పై నుంచి కిందిదాకా అందరికీ చెమటలు పట్టాయి. బందరులో ఉండే డీఎస్పీ శ్రీహరి జెస్సీని పిలిచాడు. ఆయన మాట మెత్తన, చూపు మాత్రం కాదు.

"హార్బరులో ఎవడో ఉన్నాడు జెస్సీ. ముందుగా తెలిసినవాడు ముందుగా ఏదో ఒకటి చేస్తాడు. చూడు," అన్నాడు.

జెస్సీ చూసింది. చూసినదాన్ని చూసినట్టు చెప్పింది. ఆ రెండు వారాలూ బషీర్ ఐసు తక్కువ పోశాడు సార్, అంది.

బషీర్ హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీ లీజుకు తీసుకుని నడుపుతున్నాడు. ఐసు ఇవాళ కావాలనుకుంటే ఇవాళే రాదు. డబ్బాల్లో నీళ్ళు పోసి గడ్డకట్టేదాకా ఆగాలి. కాబట్టి బోట్లు వెళ్ళవని తెలిస్తే ముందే తగ్గించుకోవాలి. మైకులో చెప్పకముందే బషీర్ తగ్గించుకున్నాడు. జెస్సీకి ఇంత వివరంగా ఎలా తెలుసంటే, ఎండ నెత్తికెక్కినప్పుడు ఆమె వెళ్ళి కూర్చునేది ఆ ఫ్యాక్టరీ వసారాలోనే. బషీర్ భార్య జైతూన్ బీ ఆమెకు స్టూలు వేసి, గ్లాసు నిండా చల్లటి మజ్జిగ ఇచ్చేది. గాజులమ్మే మనిషికి కూడా దాహం వేస్తుందని ఆ హార్బరులో గుర్తుపెట్టుకున్న మనిషి ఆవిడే.

మర్నాడు పొద్దున వేలంపాట జరుగుతుండగానే జీపు వచ్చింది. అందరి కళ్ళముందే బషీర్‌ను కాలరు పట్టి లాక్కెళ్ళారు. మధ్యాహ్నానికల్లా టీవీలో అక్షరాలు పరిగెత్తాయి. బందరు తీరంలో గూఢచారి అన్నారు. దుబాయ్‌లో ఉన్న బావమరిదితో మాట్లాడిన ఫోన్లన్నీ విదేశీ సంబంధాలైపోయాయి. ఈ కృష్ణా డెల్టాలో దుబాయ్‌కో కువైట్‌కో ఫోను చెయ్యని ఇల్లొకటి చూపించమనండి. నాగాయలంక నుంచి నూజివీడు దాకా వెతికినా దొరకదు. కానీ బషీర్ పేరు బషీర్ అయింది. ఆ పేరు చదవగానే టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు ఇక రుజువులతో పని లేకపోయింది.

జెస్సీకి ఒళ్ళు మండిపోయింది. తను చెప్పింది ఐసు గురించి. వాళ్ళు విన్నది ఇంకేదో. శ్రీహరి గదిలోకి వెళ్ళి, "సార్, అతనికి ఎలా తెలిసిందో కనుక్కోకుండా తీసుకొచ్చేశారు," అంది.

"అదే కనుక్కుంటున్నారు లోపల," అన్నాడాయన ఫైలు మీద నుంచి తల ఎత్తకుండా.

లోపల ఎలా కనుక్కుంటారో జెస్సీకి తెలియనిది కాదు. ఆమె తిన్నగా హార్బరుకు వచ్చి మోషే దగ్గర కూర్చుంది. మోషే రెండు బోట్లున్న పెద్దమనిషి. ఆ వేళ షెడ్డులో కూర్చుని చినిగిన వల కుట్టుకుంటున్నాడు. గాజుల మనిషి లాగే ఊసుపోకకు అడిగినట్టు అడిగింది.

"పాపం బషీర్ గారు. బోట్లు వెళ్ళవని ఆయనకు ముందే ఎట్టా తెలిసింది బాబాయ్?"

"బషీర్ ఒక్కడికేనా? ఆ వారం నేనూ డీజిలు కొట్టించలేదు. కృత్తివెన్ను కాడ మా తోడల్లుడు బోటు ఒడ్డునే పెట్టేశాడు. ఐసు వద్దని ఆయనకు చెప్పిందే మేము."

"మరి మీకు ఎవరు చెప్పారు?"

మోషే సూది ఆపి ఆమె మొహంలోకి చూశాడు.

"మీరేమీ అనుకోనంటే చెబుతానమ్మా. మీ అమ్మగారు చెప్పారు."

జెస్సీ భుజాన ఉన్న గాజుల సంచీ కింద పెట్టేసింది.

"మా ఆవిడ ప్రతి శుక్రవారం గుడివాడ ఉపవాస కూడిక ఫోనులో చూస్తది. అమ్మగారు లేచి మనవి పెడతారు. మా అమ్మాయి ఇంటెలిజెన్సులో చేస్తంది, బందరు హార్బరులో గాజులమ్ముకుంటా తిరుగుతంది, ఫలానా రోజు దీవికి డ్యూటీకి వెళ్తంది, సముద్రం ఒడ్డున నిలబడాల, క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థన చెయ్యండి అంటారు. మీరు దీవికి వెళ్ళిన రోజున సముద్రం మూస్తారు. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాం. ఇప్పుడు శుక్రవారం కూడిక చూడందే ఇక్కడ ఎవరూ డీజిలు కొట్టించరు."

"అంటే నేనెవరో..."

"అందరికీ తెలుసమ్మా. ఆడకూతురు ఉద్యోగం కోసం ఎండలో తిరుగుతోందని మావాళ్ళు గాజులు కొనేవాళ్ళు. మా ఇంట్లో ఆడోళ్ళకి చేతులకన్నా గాజులు ఎక్కువైపోయినాయి."

మూడేళ్ళు. మూడేళ్ళ వేషం, మూడేళ్ళ ఎండ, మూడేళ్ళ చున్నీ. హార్బరంతా కలిసి ఆమెను కనిపెట్టి, కనిపెట్టనట్టు నటించి, జాలిపడి గాజులు కొన్నారు. గూఢచర్యం చేసింది తనా, వాళ్ళా? మరొకప్పుడైతే జెస్సీ కూడా కడుపుబ్బ నవ్వి ఉండేది. బషీర్ లోపల లేకపోతే.

అక్కడే షెడ్డు నీడన కూర్చుని ఫోను తీసింది. సంఘం వాళ్ళ యూట్యూబ్ ఛానెల్లో కూడికలన్నీ వరసగా ఉన్నాయి. తెల్లచీర కట్టుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని, మైకు రెండు చేతులా పట్టుకుని తల్లి. గొంతులో ఎంత ప్రేమ, ఎంత వణుకు. "మా అమ్మాయి ఎక్కడికి వెళ్తందో నాకు పూర్తిగా చెప్పదయ్యగారూ. దీవి అని మాత్రం చెప్పింది. వచ్చే వారం ఫోను చెయ్యమాక అంది." ఆ మాట తనన్నదే. కంగారుపడకుండా ఉంటుందని ముందుగా చెప్పిన మాట.

ఆ కింద జనం ఆమేన్ అని, స్తోత్రం అని రాస్తున్నారు. వాళ్ళలో సిస్టర్ గ్రేస్ అనే పేరుతో ఒకరు ఉన్నారు. ప్రతి కూడికకూ వస్తారు. "ప్రేమమ్మ గారూ, మీ కుమార్తె కొరకు మేము ఉపవాసముందుము. ఏ దినమని తెలిపిన యెడల ఆ దినముననే ప్రార్థించెదము," అని రాశారు. తెలుగు బైబిల్లో నుంచి ఊడిపడ్డట్టు ఉంది. మనిషి నోట్లో నుంచి వచ్చినట్టు లేదు. పాస్టరు శామ్యూల్ రాజ్ గారు దాన్ని చదివి, చక్కగా మైకులో, "అమ్మా, మన సిస్టర్ గ్రేస్ గారు ఏ రోజని అడుగుతున్నారు," అన్నారు. ప్రేమమ్మ ఏమాత్రం ఆలోచించకుండా, "గురువారం అయ్యగారూ. పొద్దున్నే," అంది. ప్రైజ్ ది లార్డ్ అంది సంఘమంతా.

జెస్సీ ఫోను బోర్లా పెట్టేసింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. తల్లి మీదా? ఆవిడ నెత్తిన పెట్టుకున్నది కూతురి క్షేమం. పాస్టరు గారి మీదా? ఆయనకు కనిపించింది విశ్వాసురాలైన ఒక సోదరి. ఒక తల్లి గుండె బరువు దించుకునే చోట చెవి ఆనించి, భక్తి నటించి, తేదీ రాబట్టుకుని పోయిన ఆ కనపడని నీచుడి మీద ముందుగా కోపం వచ్చింది. తర్వాత తన మీద వచ్చింది. ఐసు తగ్గిందని చెప్పిన నోటితో ఎందుకు తగ్గిందో అడిగి ఉంటే, జైతూన్ బీ మొగుడు ఈ పాటికి ఐసు గడ్డలు కొడుతూ ఉండేవాడు.

మర్నాడు శ్రీహరికి అంతా చూపించింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని రెండుసార్లు చూశాడు. జెస్సీ ఊహించినట్టు మండిపడలేదు. మొహం వెలిగింది.

"ఇది బంగారు గని జెస్సీ. ఈ గ్రేస్‌ను ముట్టుకోవద్దు. వచ్చే కూడికలో మీ అమ్మగారి చేత తప్పుడు తేదీ చెప్పిద్దాం. వాడు అటు కదిలితే దారి దొరుకుతుంది."

ఆలోచన మంచిదే. ఉద్యోగం తెలిసిన మనిషి కాబట్టి జెస్సీకి ఆ సంగతి వెంటనే అర్థమైంది.

"అలాగే సార్. బషీర్‌ను ఇవాళ వదిలేద్దాం."

"వదిలేస్తే ఎలా? మనం దొంగను పట్టేశామని అవతలివాడు నమ్మాలి. వీడు లోపలుంటేనే వాడు నిశ్చింతగా బయటికొస్తాడు."

"ఎన్నాళ్ళు సార్?"

"పట్టుబడేదాకా. నెల కావచ్చు, రెణ్ణెల్లు కావచ్చు."

"అతను ఏ తప్పూ చెయ్యలేదు సార్."

"చేశాడని నేనెప్పుడన్నాను? లోపలున్నాడు, అంతే. ఐసు వ్యాపారమే కదా, కొంపలేం మునగవు."

"ఎవరి కొంప సార్?"

శ్రీహరి మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. జెస్సీ తగ్గలేదు. బషీర్‌ను ఇంటికి పంపించి, గడప దాటకుండా చూసుకుంటూ కూడా ఈ పని చెయ్యొచ్చని, ఆ బాధ్యత తను తీసుకుంటానని వివరంగా చెప్పింది. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"టీవీల్లో వచ్చేసింది. ఇప్పుడు వదిలితే పొరపాటు పడ్డామంటారు. పైవాళ్ళకు ఏం చెప్పను?"

అసలు సంగతి అదీ. దేశ రక్షణ, వ్యూహం, వల పన్నడం, ఇవన్నీ పైపై మాటలు. పొరపాటు పడ్డామని నలుగురూ అనుకుంటారేమోనన్న సిగ్గు దాచుకోవడానికి ఒక మనిషిని గోడ కట్టినట్టు అడ్డం పెట్టుకోవాలి. ఆ మనిషికి పెళ్ళాం ఉంటుంది, కాలేజీకెళ్ళే కూతురు ఉంటుంది, ఒళ్ళు ఉంటుంది, దెబ్బ తగిలితే నొప్పి ఉంటుంది. అవేవీ శ్రీహరి లెక్కలోకి రాలేదు. పైగా వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి మరీ మెత్తగా చెప్పాడు. "రూల్సు నీకు తెలుసుగా. ఈ సంగతి బయటికొస్తే ముందు పోయేది నీ ఉద్యోగం. తర్వాత మీ అమ్మగారి పరువు. నీ మంచికే చెబుతున్నాను."

మర్నాడే శుక్రవారం. జెస్సీ పొద్దున్నే బస్సెక్కి గుడివాడ వెళ్ళింది. ప్రేమమ్మ కూడికకు తయారై, బైబిలు సంచీలో పెట్టుకుంటోంది. కూతుర్ని చూసి ఎంతో సంబరపడింది. జెస్సీ చెప్పుకొచ్చిందంతా నిలబడే విన్నది. మొదట ఒప్పుకోలేదు.

"నేనేం తప్పు చేశానే? నీ కోసం ప్రార్థన చెయ్యమన్నాను. దేవుడికి వివరంగా చెప్పుకోకపోతే ఎట్టా?"

"రోజు చెప్పకపోతే ఆయనకు తెలియదా అమ్మా? ఆయనకు యూట్యూబ్ కావాలా?"

"ఆ గ్రేసమ్మ ఎంత భక్తిగా రాసేదో. నీ పెళ్ళికి కూడా ప్రార్థన చేస్తన్నానంది." ఆ మాట అంటూనే ప్రేమమ్మకు సంగతి తట్టింది. మంచం మీద కూలబడింది. "ఆ ఐసాయన్ని కొట్టారా?" అనడిగింది.

జెస్సీ తల్లి చేతిలో నుంచి బైబిలు సంచీ తీసుకుని పక్కన పెట్టింది. ప్రేమమ్మకు జవాబు అక్కర్లేకపోయింది.

"పద. నేనే లేచి చెబుతాను. నా నోటితో పోయింది, నా నోటితోనే చెబుతాను."

"నువ్వు చెబితే ముసలావిడ ఏదో మాట్లాడిందని కొట్టిపారేస్తారు. నేను చెప్పాలి. చెప్పాక నాకు ఈ ఉద్యోగం ఉండదమ్మా."

ప్రేమమ్మ కూతురి మొహం చూసింది. కళ్ళొత్తుకుని లేచి, చెప్పులేసుకుంది.

ఆ పూట కూడికలో పాటలయ్యాయి, వాక్యమయింది. పాస్టరు గారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు రావచ్చన్నారు. ప్రేమమ్మ కూతురు లేచేసరికి అందరూ సంతోషించారు. ఇన్నాళ్ళూ ప్రార్థించిన అమ్మాయి కళ్ళముందు నిలబడింది కదా. స్టాండుకు బిగించిన ఫోను ఆమె వైపు తిప్పారు.

"అందరికీ వందనాలు. నా పేరు జెస్సీ. నేను ఇంటెలిజెన్సులో ఎస్సైని. ఇది బయటికి చెప్పకూడదు, చెబుతున్నాను. బందరులో బషీర్ గారిని గూఢచారి అని పట్టుకుపోయారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తేదీ ఈ మైకులో నుంచి వెళ్ళింది. మా అమ్మ చెప్పింది, మీరంతా ఆమేన్ అన్నారు, సిస్టర్ గ్రేస్ పేరుతో ఇక్కడ దూరిన మనిషి పట్టుకుపోయాడు. మా అమ్మకు రోజు తెలిసింది నా వల్ల. బషీర్ గారి మీద అనుమానం వచ్చింది కూడా నేను తెలిసీ తెలియక చెప్పిన మాట వల్ల. ఇదంతా నా పై అధికారికి నిన్ననే చెప్పాను. నిర్దోషి అని తెలిసి కూడా ఆయన్ని వదలనన్నారు."

పాస్టరు గారి మొహం పాలిపోయింది. సంఘానికి ఏం మూడుతుందోనన్న భయం ఆయనది. గబగబా వచ్చి ఫోను ఆపబోయాడు. ప్రేమమ్మ లేచి ఆయనకూ స్టాండుకూ మధ్య నిలబడింది. తన పాస్టరు మాటకు జీవితంలో ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి.

"కానివ్వండి అయ్యగారూ. అబద్ధమైతే ఆపుదురుగాని," అంది.

సాయంత్రానికి ఆ మాటలు ఊళ్ళన్నీ తిరిగాయి. సిస్టర్ గ్రేస్ ఖాతా కనిపించకుండా పోయింది. శ్రీహరి అనుకున్న దారి మూసుకుపోయింది, అది నిజం. శత్రువు చేతికి చిక్కేవాడే, ఈ తెలివితక్కువ మనిషి చెడగొట్టిందని శాఖలో ఇప్పటికీ తిట్టుకుంటారట. తిట్టుకోనివ్వండి. తప్పు చెయ్యనివాణ్ణి కొక్కేనికి గుచ్చి వేసే గాలానికి చేప పడినా, ఆ చేపను ఏ మొహం పెట్టుకుని తింటారు?

జెస్సీని సస్పెండు చేశారు. బషీర్‌ను ఇంకో రెండు రోజులుంచుకుని, విచారణ పూర్తయిందని ఒక్క ముక్క చెప్పి బయటికి పంపారు. క్షమించమన్నవాడు లేడు. గూఢచారి అని రోజంతా అరిచిన టీవీలు విడుదల సంగతి చెప్పనేలేదు. అదేం వార్తని వాళ్ళకి?

గుడివాడలో ప్రేమమ్మ ఇంటికి ఇద్దరు అధికారులు వచ్చారు. చెప్పులు గడప బయట విడిచారు. ఆవిడ కుర్చీలు వేసి కాఫీ ఇచ్చింది. అడగాల్సినవి మర్యాదగా అడిగి, ఇకమీదట మైకులో కాస్త చూసి మాట్లాడమని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళారు.

ఆ తర్వాత తల్లీకూతుళ్ళు గిలకలదిండి వెళ్ళారు. బషీర్ కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలని ప్రేమమ్మ పట్టుబట్టింది. హార్బరులో ఎప్పటిలాగే వేలంపాట నడుస్తోంది. ఐసు మాత్రం వేరే చోటు నుంచి లారీల్లో వస్తోంది. మోషే వాళ్ళను చూసి తల దించుకుని వల కుట్టుకున్నాడు. ఎందుకొచ్చిన గొడవని బోట్ల వాళ్ళందరూ బషీర్ దగ్గర ఐసు మానేశారు. బోట్లు వెళ్ళవని ఆయనకు చెప్పింది తామేనని తెలిసి కూడా మానేశారు.

ఫ్యాక్టరీ వసారాలో జైతూన్ బీ ఒక్కతే ఉంది. బషీర్ లోపల పడుకుని ఉన్నాడు, బయటికి రాలేదు. పక్కకు ఒత్తిగిల్లితే నొప్పని మూలుగు వినిపించింది. జైతూన్ బీ వాళ్ళను కూర్చోమనలేదు. ప్రేమమ్మ చేతులు జోడించి, తప్పంతా నాదేనమ్మా అని ఏడ్చింది. ఆవిడ చివరిదాకా విన్నది. విని జెస్సీ వైపు తిరిగింది.

"మీరు ఉద్యోగం పోగొట్టుకున్నారంట. మోషే గారు చెప్పారు. మీకు మంచి జరగాల. కానీ ఒక మాట అడుగుతానమ్మా. మా ఆయన తప్పు చెయ్యలేదని మేమందరం నెత్తీ నోరూ కొట్టుకున్నాం. ఎవరూ వినలేదు. మీ అమ్మగారి పొరపాటు దొరికాకే విన్నారు. అది దొరక్కపోతే ఏమయ్యేవాడు మా ఆయన?"

జైతూన్ బీ ఈసారి ప్రేమమ్మను అడిగింది. "మీ ఇంటికి జీపు వచ్చిందా అమ్మా?"

"లేదమ్మా. కారులో వచ్చారు."

"చెయ్యి పట్టి లాగారా?"

"లేదు. కాఫీ తాగి వెళ్ళారు."

"ఏమని పిలిచారు మిమ్మల్ని?"

ప్రేమమ్మ తల వంచుకుంది. "అమ్మగారూ అన్నారు," అంది.

"మా ఆయన్ని పేరు పెట్టి కూడా పిలవలేదండీ," అంది జైతూన్ బీ. లోపల మళ్ళీ మూలుగు వినిపిస్తే లేచి వెళ్ళింది.